కరతలమున లింగము, వాకిట జంగమము



శార్వరి నామ సంవత్సరాది 2020 మార్చి 25వ తేదీన వచ్చినది. దేశమంతట ఇండ్ల తలుపులు మూయబడిన మొదటి దినము కూడ అదియే. ఏటేట దేవాలయ మంటపమున కూర్చుండి పంచాంగ శ్రవణము చేయు ప్రజలు ఆనాడు గడప దాటలేదు. వేపపూత కొరకు వీధి చివరి చెట్టువద్దకు పోవుటకును జంకిరి. శార్వరి యనగా రాత్రి. అరువది సంవత్సరముల చక్రమున ఆ పేరు ఆ యేటికి వచ్చుట లెక్క ప్రకారము జరిగినదే గాని అందు వింత యేమియు లేదు. కాలమునందు శుభాశుభములను వెదకుట శరణుల మార్గము కాదు. శివుని స్మరించిన దినమెల్ల మంచి దినమేయని వారి నిశ్చయము. అయినను ఆ రాత్రి పదమూడు మాసములు సాగినది. దాని వెనుక వచ్చినది ప్లవ. ప్లవమనగా తెప్ప. 2021 ఏప్రిల్ 13వ తేదీన ఆ తెప్ప ఒడ్డు చేరిన పిదప రెండు మూడు మాసములలోనే, రాత్రియందు మునిగినవారికంటె ఎక్కువమంది మునిగిరి.

ఆ యేడు తమ్ము మార్చినదని చెప్పుకొనువారు అనేకులు కలరు. ఒకరు తెల్లవారుజామున లేచుట నేర్చిరి. ఒకరు వంట నేర్చిరి. ఒకరు పాత గ్రంథముల దుమ్ము దులిపిరి. ఇవి మంచివే. కాని తలుపులు తెరువబడిన వెనుక వీనిలో ఎన్ని నిలిచినవో ఎవరి యింటిలో వారికి తెలియును. పెండ్లికి 50 మందికి మించి పిలువరాదని ప్రభుత్వము కట్టడి చేసినపుడు, ఇదియే చాలును, ఇంత నిరాడంబరముగ చేయుటయే ధర్మము అని పెద్దలు మెచ్చుకొనిరి. కట్టడి తొలగగనే ఆ పెద్దలే వేయి విస్తళ్ళకు తక్కువ కాకుండ పందిళ్ళు వేసిరి. భయముచేత వచ్చిన వైరాగ్యము భయముతోనే పోవును.

భక్తుని జీవితమున మార్పును కొలుచుటకు వీరశైవమున వేరొక కొలత కలదు. గురువు, లింగము, జంగమము అను మూడింటిలో గురువు దారి చూపును. ఆ దారి లింగముతో మొదలగును, జంగమమువద్దకు చేరును. శార్వరి సంవత్సరమున ఒక గృహస్థునియందు కలిగిన మార్పు ఎంతవరకు పోయినది? లింగమువద్దనే ఆగినదా? వాకిలి దాటి జంగమము వరకు నడచినదా? విచారింపవలసిన దిదియే.

దేవాలయములు మూయబడినపుడు కలవరపడవలసిన అవసరము న్యాయముగ లింగధారికి లేదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమున బసవేశ్వరుడు ప్రజలకు చూపిన మార్గము అట్టిది. గోపురము కట్టించుటకు ధనములేనివాడును తన శరీరమునే గుడిగా చేసికొనవచ్చును. గర్భగృహము వామకరతలము. అందు వెలయు ఇష్టలింగమునకు పూజారి వేరొకడు అక్కరలేదు, స్త్రీ పురుష భేదము లేదు, కులముతో పనిలేదు. దానికి తాళము వేయగల ప్రభుత్వము లేదు, దానిని మూయింపగల వ్యాధియు లేదు. సిద్ధాంతము ఇట్లుండగ ఆచరణ యెట్లున్నది? లింగదీక్షనాడు మెడలో కట్టిన లింగమును పెట్టెలో భద్రపరచి, పండుగలకు మాత్రము వెలికి తీయువారు ప్రతి యూరను కనిపించుచునే యున్నారు. అట్టివారికి ఆ మార్చి మాసమున గుడి తలుపుతోపాటు దేవుడును మూతపడినట్లు తోచినది.

దృష్టాంతముగ ఒక కుటుంబమును తీసికొనవచ్చును. హైదరాబాదు నుండి సోలాపురమునకు పోవు 65వ నెంబరు జాతీయ రహదారి ప్రక్కన, జహీరాబాదు ప్రాంతమున, తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ ఒకే అంగడిలో వినబడు సీమయందు ఒక బట్టల వర్తకుడు. భార్య, ఇద్దరు పిల్లలు, డెబ్బది దాటిన తల్లి. 2020 ఫిబ్రవరి 21వ తేదీన శివరాత్రికి శ్రీశైలము పోయి వచ్చినాడు. ఏటేట పోవును. మెడలో లింగము మాత్రము లేదు. బేరము నడుమ గుంజుకొనుచున్నదని పదేండ్ల క్రిందట తీసి పూజాగృహమున ఉంచినాడు. తల్లి ఏనాడును ఒక్క మాటయు అనలేదు. ఆమె మూడు పూటల పూజ ఆమె చేసికొనుచుండెను.

పెండ్లిండ్ల కాలమున అంగడి మూతపడినది. తెచ్చిన సరుకు అరలలోనే యున్నది, సరుకు పంపిన సేట్ల ఫోనులు ఆగలేదు. మొదటి వారమున ఆయన చేసిన పని నాలుగు బస్తాల బియ్యము కొని వసారాలో వేయించుట. అందరును అట్లే చేసిరి. మధ్యాహ్నపు వేళ తల్లి మనుమలకు కథలు చెప్పుచుండెను. ఒకనాడు ఆయదక్కి మారయ్య, లక్కమ్మల కథ వచ్చినది. నేలపై రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చి జంగమ దాసోహము చేయుట ఆ దంపతుల కాయకము. ఒకనాడు మారయ్య అవసరమునకు మించి బియ్యము తెచ్చినాడు. లక్కమ్మ దానిని చూచి సంతోషింపలేదు. ఎక్కువైన బియ్యమును తీసికొనిపోయి తెచ్చినచోటనే వేసి రమ్మని భర్తను పంపినది. పేదరాలైన ఆ యిల్లాలు ఆశను గడపలోనికి రానీయలేదు. ప్రక్క గదిలో లెక్కల పుస్తకము ముందు కూర్చున్న వర్తకుడు ఈ కథ వినుచునే యున్నాడు. మరునాడు రెండు బస్తాలు వీధి చివర గుడిసెలకు పోయినవి. రెండు మిగిలినవి. లక్కమ్మ అయినచో ఒకటిన్నర యైనను ఇంకను పంపించి యుండెడిది. అయినను ఒకేమారు శరణుడగుట ఎవరికి సాధ్యము?

సాయంకాలము ఆయన తల్లి వద్దకు వచ్చి, శ్రీశైలమును మూసినారు, ఎప్పుడు తెరతురో తెలియదని చింతించినాడు. ఆమె విభూతి ఉండను తడిచేసికొనుచు ఇట్లు పలికినది: "గుడికి తాళము వేసినారు నాయనా. నీ అరచేతికి ఎవరును తాళము వేయలేదు గదా."

మరునాటి ఉదయమున ఆయన స్నానము చేసి, నొసట త్రిపుండ్రము ధరించి, పదేండ్ల తరువాత లింగమును ఎడమ అరచేత ఉంచుకొనెను. మొదటి దినములలో చేయి వణకినది. దృష్టి లింగముపై నిలువలేదు. షడక్షరి నాలుకపై నడచుచుండగ మనస్సు అంగడి తలుపు చుట్టు తిరిగినది. పూజ యనగా దీపము వెలిగించి గంట మ్రోగించుటయని తలచినవానికి, కదలక కూర్చుండి అరచేతిని చూచుట ఎంత కష్టమో అప్పుడు తెలియును. గంట మ్రోగినపుడు మనస్సు కల్లలాడినను బయటకు వినబడదు. ఇష్టలింగ పూజయందు దాచుటకు వీలులేదు. చూచువాడు, చూడబడునది, నడుమ జానెడు దూరము. నెల గడచినపటికి ఆయన అరగంట కూర్చుండుట నేర్చెను. పిల్లలు తలుపు సందునుండి చూచిరి. తండ్రి అంత నిశ్శబ్దముగ ఉండుట వారు అంతవరకు చూచి యెరుగరు. ఏప్రిల్ 26వ తేదీన వచ్చిన బసవ జయంతికి ఊరేగింపు లేదు, ఎడ్ల అలంకారము లేదు. ఆ యింటిలో ఐదుగురును ఒకే గదిలో కూర్చుండి పూజించిరి. దీక్ష లేని పిల్లలు చేతులు జోడించుకొని కూర్చుండిరి. ఎన్ని ఊరేగింపులు చూచినను ఆ పిల్లలకు బసవన్న అంత దగ్గరగ వచ్చి యుండడు.

ఇంతవరకు వచ్చి ఆగినవారు చాలమంది. ఇండ్లు మూసికొని, లోపల లింగపూజ శ్రద్ధగ చేసికొని, శాంతి లభించినదని చెప్పుకొనిరి. ఆ శాంతిని కాదనుటకు వీలులేదు. కాని లింగమునకు జంగమమే ముఖమని సంప్రదాయము చెప్పుచున్నది. ముఖమునకు పెట్టని నైవేద్యము ఎవరికి చేరును? బసవేశ్వరుడు బిజ్జలుని భాండాగారమును కాచుచు కూడ తన యింటి తలుపు మూయలేదు. జంగమము అనగా చలించునది, నిలువక తిరుగునది. ఆ ఏప్రిల్, మే మాసములలో ఈ దేశమున తిరుగుచుండిన వారెవరు? మఠములకు తాళములు, బస్సులకు తాళములు, రైళ్ళకు తాళములు. నడచుచుండినవారు కూలీలు. నెత్తిన మూట, చంకన బిడ్డ, కాలికి తెగిన చెప్పు. వలస కార్మికులకొరకు నడిపిన మొదటి ప్రత్యేక రైలు 2020 మే 1వ తేదీన హైదరాబాదు చేరువలోని లింగంపల్లి నుండి ఝార్ఖండులోని హటియాకు బయలుదేరినది. అందు సుమారు 1,200 మంది పోయిరి. ఊరి పేరున లింగ మున్నది, అచటినుండి కదలినది జంగమము. రైలు దొరకనివారు దానికి ముందును, తరువాతను కాలినడకన పోయిరి. నడచిపోవు ప్రతివాడును దీక్షపొందిన జంగముడని చెప్పుట లేదు. దాసోహము చేయువాడు ఎదుటివాని దీక్షను విచారించి రొట్టె పెట్టడు.

65వ నెంబరు రహదారిపై కర్ణాటక సరిహద్దు దిక్కుగ నడచువారు వర్తకుని అంగడి ముందునుండియే పోవుచుండిరి. మొదట ఆయన భార్యయే చూచినది. ఆమె ఆనాటినుండి జొన్నరొట్టెలు కాల్చుట మొదలిడెను. దినమునకు నలుబది, ఒక్కొక్కనాడు అరువది. రొట్టెలు, పచ్చడి కాగితమున కట్టి, వేపచెట్టు క్రింద బల్లపై ఉంచి, ఇంటిలోనికి వచ్చి తలుపు గడియ పెట్టుకొనుచుండిరి. వ్యాధి భయము అట్టిది, తప్పు పట్టుటకు లేదు. నాలుగవనాడు ఒక ముసలివాడు బల్లవద్ద నిలిచి, మూసిన తలుపు దిక్కు చూచి బిగ్గరగ అడిగెను: "తల్లీ, ఇది పెట్టినదా, పారవేసినదా?"

ఆ ప్రశ్న ఆ యింటిలో రెండు దినములు తిరిగినది. అన్నము పెట్టుట ఒకటి, అన్నము విడిచిపెట్టుట ఇంకొకటి. దాసోహమనగా దానము కాదు. దానమున ఇచ్చువాడు పైన, పుచ్చుకొనువాడు క్రింద. దాసోహమునందు ఇచ్చువాడే దాసుడు. పంచాచారములలో భృత్యాచారము చెప్పునది ఇదియే. తలుపు చాటున దాసుడెట్లుండును? మూడవనాటినుండి ఆ దంపతులు ముఖమునకు గుడ్డ కట్టుకొని, బల్లకు ఆరడుగుల దూరమున నిలిచి, వచ్చువారికి చేతులు జోడించి "శరణు శరణార్థి" అని, రొట్టె తీసికొమ్మని, నీరు త్రాగి పొమ్మని చెప్పుట మొదలుపెట్టిరి. అంగడిలో మిగిలిన ముక్కగుడ్డలను దర్జీచేత కుట్టించి ముఖమునకు కట్టుకొనుటకు వారికి ఇచ్చిరి. దూరము అదియే, ఆరడుగులు. కాని అది నిన్నటి దూరము కాదు.

భక్తులారా! ఈ రెండు దూరముల భేదమును ఆ యేడు లోకము మరచినది. జననము, మరణము, రజస్సు, ఉచ్ఛిష్టము, జాతి అను ఐదు సూతకములను శరణులు త్రోసిపుచ్చిరి. అందుచేత వ్యాధిగ్రస్తునివద్ద జాగ్రత్త అక్కరలేదని కొందరు వాదించిరి. అది తెలియని మాట. సూతకము వేరు, సోకుట వేరు. సూతకము మనుష్యుని మైలయనును, సోకుట వ్యాధి ధర్మమును తెలుపును. శరణులలో సంగణ్ణ యను వైద్యుడు కలడు. అనుభవ మంటపమును నెలకొల్పిన శరణులు వైద్యమును కాయకముగ గౌరవించినవారే. కావున ముఖమునకు గుడ్డ కట్టుకొనుట, చేతులు కడుగుకొనుట, 2021 జనవరి 16వ తేదీనుండి దేశమున వేయ మొదలిడిన టీకా వేయించుకొనుట, ఇవి ఆచారమునకు విరుద్ధములు కావు. విరుద్ధమైనది మరియొకటి జరిగినది. వ్యాధి తగ్గి ఇంటికి వచ్చినవానిని బావివద్దకు రానీయలేదు. ఆసుపత్రిలో పనిచేయు దాదిని అద్దెయిల్లు ఖాళీ చేయుమనిరి. వైద్య సిబ్బందిపై చేయి చేసికొనువారిని అదుపు చేయుటకు 1897 నాటి అంటువ్యాధుల చట్టమును 2020 ఏప్రిల్ 22వ తేదీన అత్యవసర ఉత్తరువుతో సవరింపవలసి వచ్చినదన్న, పరిస్థితి ఎంతవరకు పోయినదో గ్రహింపవచ్చును. మే 3వ తేదీన వైమానిక దళమువారు ఆసుపత్రులపై ఆకాశమునుండి పూలు కురిపించిరి. ఆకాశమునుండి పూలు కురియుట సులభము. ప్రక్కయింటి తలుపు తెరచుట కష్టము.

వీధులూడ్చుట తన కాయకముగ చేసికొనిన సత్యక్కను శరణులు తమ సరసన కూర్చుండబెట్టుకొనిరి. శార్వరి సంవత్సరమున ఒక్కదినమును సెలవు లేనివారు పారిశుద్ధ్య కార్మికులే. వారికి పూలదండలు వేసినవారును ఉండిరి. దండను కర్రకొనకు తగిలించి వేసినవారును ఉండిరి.

జూన్ 8వ తేదీన దేవాలయములు తెరువబడినవి. కాని ప్రసాదము పంచరాదు, తీర్థము చల్లరాదని నియమము. అష్టావరణములలో పాదోదకము, ప్రసాదము రెండును ఉన్నవి గదా, ఇవి లేని దర్శనమేమి దర్శనమని కొందరు బాధపడిరి. వర్తకుని తల్లి మాత్రము తన లింగోదకమును తాను స్వీకరించి, రొట్టెల బుట్టను చూపి, ప్రసాదము దినమును వాకిట పంచబడుచునే యున్నది గదా యనెను.

సెప్టెంబరు మాసమున, మొదటి తాకిడి ముమ్మరముగ ఉన్న దినములలో, ఆమెకే జ్వరము వచ్చినది. ఆసుపత్రిలో చేర్చుకొనునపుడు చేతి గాజులు, చెవి కమ్మలు, మెడలోని లింగము తీసి ఒక సంచిలో వేసి కుమారుని చేతికిచ్చిరి. అది వారి నియమము. ఆ వృద్ధురాలు ఏడేండ్ల వయస్సున దీక్షపొందినది మొదలు లింగమును విడిచి యెరుగదు. లింగము దేహమును వీడుట ప్రాణము వీడుటయే యని నమ్మిన తరమునకు చెందినది. కుమారుడు ఆ సంచిని పట్టుకొని ఆసుపత్రి వాకిట ఎంతసేపు నిలిచెనో ఆయనకే తెలియదు.

మూడవనాడు ఒక దాది తన ఫోనులో ఆమెచేత మాట్లాడించినది. లింగము నావద్ద భద్రముగ ఉన్నదమ్మా, నీకు పూజ లేక ఎట్లున్నదోయని కుమారుడు దుఃఖించెను. ఆమె దగ్గుచు చెప్పినది: "అరచేయి ఇచటనే ఉన్నది నాయనా. రోజును చూచుకొనుచున్నాను."

ఇష్టలింగము, ప్రాణలింగము, భావలింగము అను మూడు పేర్లు వ్యాఖ్యానములలో ఎంతో విస్తరముగ కనిపించును. వాని సారము ఆ ముసలమ్మ రెండు మాటలలో ఉన్నది. చేత లింగమున్నపుడు అరువది యేండ్లు చూచిన చూపు, చేయి వట్టిదైనపుడును వట్టిపోలేదు. ఆమెకు పాలు త్రాగించిన దాది ఏ మతమో, ఏ యూరో ఆ కుటుంబమునకు నేటికిని తెలియదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున బెజ్జమహాదేవి కథను చెప్పెను. శివునికి తల్లి లేదని విని, తానే తల్లియై ఆయనను శిశువుగ పెంచిన భక్తురాలామె. బిడ్డకు అస్వస్థత కలిగినపుడు తల్లడిల్లినది గాని దూరము పోలేదు. తల్లి లేని దేవునికి తల్లి యగుట ఒక భక్తి. ఆ వార్డులో బిడ్డలు దగ్గర లేని తల్లులకు బిడ్డలగుట మరియొక భక్తి.

తొమ్మిదవనాడు ఆమె లింగైక్యమైనది.

వీరశైవ సంప్రదాయమున దేహమును కూర్చుండబెట్టి, విభూతి పూసి, బిల్వము లర్పించి, ఎడమచేత ఇష్టలింగము నుంచి సమాధి చేయుదురు. 2020 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖవారు ఇచ్చిన నియమముల ప్రకారము దేహమును స్పృశింపరాదు, స్నానము చేయింపరాదు. తాకవలసిన పనిలేని మంత్రపఠనము, తీర్థము చల్లుట వంటివి చేయవచ్చును. సంచి ముఖభాగము తెరచి సిబ్బంది కడసారి చూపింపవచ్చును. ఇరువదిమందికి మించి రాగూడదన్నారు. వచ్చినవారు ఆరుగురు. జంగమయ్య దూరమున నిలిచి మంత్రము చెప్పెను. దేహమును పండుకొనబెట్టియే దించవలసి వచ్చినది. దించు నలుగురు పురపాలకమువారి కార్మికులు, ఆపాదమస్తకము కప్పుకొని యున్నారు. కుమారుని చేతిలో లింగమున్నది. దగ్గరకు పోవుటకు లేదు. లింగమును తల్లినుండి వేరుగ ఉంచుకొని ఇంటికి పోవుట తలచుకొనుటకు కూడ లేదు. కార్మికులలో ఒకడు విషయము గ్రహించి చేయి చాచెను. కుమారుడు లింగమును ఆ తొడుగు వేసికొనిన చేతిలో ఉంచెను. ముఖము చూపుటకు తెరచిన చోటునుండి అతడు దానిని ఆమె ఎదపై ఉంచి, ఒక్క క్షణము చేయి అట్లే ఆనించి, మూసెను. కుమారుడు చేయవలసిన పని, జంగముడు చేయింపవలసిన పని, వారిరువురును చేయలేని దినమున ఆ చేయి చేసినది.

ఇంటికి వచ్చిన పిదప బంధువులనుండి ఫోనులు వచ్చినవి. కూర్చుండబెట్టని సమాధి సమాధియా? చేత ఉంచని లింగము చేరినట్లా? దానిని తాకినది ఎవరు, ఏ కులము? మొదటి రెండు ప్రశ్నలు దుఃఖమునుండి వచ్చినవి, వానికి ఓర్పుతో సమాధానము చెప్పవలెను. ఇట్టి బాధ అనుభవించిన కుటుంబములు ఆ రెండేండ్లలో అనేకములు. వారిలో కొందరికి ఇప్పటికిని నిద్రయందు ఆ సంచి కనిపించును. వారు తెలిసికొనవలసినది, ఐక్యస్థలము షట్‌స్థలములలో కడపటిది, గుంట త్రవ్విననాడు క్రొత్తగ వచ్చునది కాదు. భక్తస్థలమునుండి ఒక్కొక్క మెట్టు ఎక్కుచు బ్రదికియుండగనే చేరవలసిన స్థితి యది. నిలువుగ ఉంచిన దీపమైనను, వాల్చి పట్టిన దీపమైనను జ్వాల పైకే పోవును. కూర్చుండబెట్టుట ఉన్నవారు చూపు గౌరవము. ఆ గౌరవమునకు అవకాశము లేకపోయిన దినమున పోయినవారికి లోటు కలిగినదనుట సిద్ధాంతమున ఎచటను లేదు.

మూడవ ప్రశ్నకు ఓర్పు అక్కరలేదు. చెప్పులు కుట్టు హరళయ్య కుమారునికి, బ్రాహ్మణుడుగ పుట్టి శరణుడైన మధువరసుని కుమార్తెకు వివాహ సంబంధము కుదిర్చినందులకే కల్యాణము అట్టుడికినది. బిజ్జలుడు ఆ తండ్రు లిరువురను క్రూరముగ శిక్షించెను. శరణులు చెల్లాచెదరైరి. అంత మూల్యము చెల్లించిన సమాజమున, ఎనిమిది వందల యేండ్లు దాటిన వెనుక, లింగమును సమాధి చేర్చిన చేతి కులమేదియని అడుగుట వినుటకే సిగ్గుగ ఉన్నది.

గణారాధన దినమున వర్తకుడు ఆ నలుగురు కార్మికులను పేరుపేరున పిలిచెను. వారు ఇంటి వసారాలో, ఎడముగ వేసిన చాపలపై, జంగమయ్యతో ఒకే వరుసలో కూర్చుండి భుజించిరి. బంధువులలో ఇరువురు రాలేదు. వ్యాధి భయముచేత రాలేదని చెప్పిరి. వారిలో ఒకరు అదే వారమున వేరొక యింటి శుభకార్యమునకు పోయి వచ్చినట్లు తరువాత తెలిసినది. చేయి చాచిన ఆ కార్మికుడు భోజనానంతరము వర్తకునితో, ఆ మాసమున ఎందరినో దించితిమి, మమ్ము ఇంటికి పిలిచినవారు మీరేయని చెప్పి, ఆమె మెడలోనిది ఏ దేవుడోయని అడిగి తెలిసికొనెను.

శార్వరి గడచినది. ప్లవ వచ్చినది. రెండవ తాకిడి మొదటిదానికంటె భయంకరమై, తెలంగాణమున 2021 మే 12వ తేదీనుండి మరల తలుపులు మూయబడినవి. ఉదయము ఆరు గంటలనుండి పది గంటలవరకు మాత్రము సడలింపు. బసవ జయంతి ఆ రెండవనాడే, మే 14వ తేదీన వచ్చినది. వర్తకుని యింటిలో తెల్లవారుజామున మూడు గంటలకే పొయ్యి వెలిగినది. ఆసుపత్రి వాకిట కాచుకొనియుండు రోగుల బంధువులకు, స్మశానమున పనిచేయువారికి రొట్టెలు చేరవలెను, పది గంటలలోపల చేరవలెను. మెడలో లింగముతో తండ్రి మూటలు కట్టుచుండగ పెద్ద కుమార్తె సందేహము వెలిబుచ్చినది. ఈ దినము బసవ జయంతి, పూజ మొదట కావలెను గదాయని.

తండ్రి ఆమెకు నులియ చందయ్య కథ చెప్పెను. గడ్డి కోసి త్రాళ్ళు పేని, వానిని అమ్మి జంగమ దాసోహము చేయు శరణుడాయన. ఒకనాడు గడ్డి కోయుచుండగ మెడలోని లింగము జారి పడినది. చందయ్య కాయకమును ఆపలేదు. లింగమే ఆయన వెంటబడి, తన్ను ధరింపుమని వేడినదని కథ. బాలిక నవ్వి, అయినచో అవ్వ ఏమనెడిదని అడిగినది. తల్లి పెనముపై రొట్టె త్రిప్పుచు, అవ్వ ఉన్నచో ఈపాటికి రెండవ బుట్ట నిండి యుండెడిదనెను.

పూజ చేయక ఏమియు ముట్టరాదని నియమము గలవారు గనుక, మూటలు పోయి మనుష్యులు తిరిగివచ్చు వరకు ఆ యింటిలో ఎవరును మంచినీరు త్రాగలేదు. ఆ సంవత్సరము వారి యింట బసవ జయంతి పూజ పది గంటలు దాటిన తరువాత జరిగినది.